అమ్మకు కట్టిన ఇల్లు

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. నేను ఒకే ఇంటిని రెండుసార్లు కట్టించాను సుమండీ! మా అమ్మకు మతిమరుపు జబ్బు. డిమెన్షియా అన్నారు డాక్టర్లు. ఆమె కోసం భీమునిపట్నంలో సముద్రానికెదురుగా కట్టిన ఇల్లది. కాలేజీలో ఛందస్సు చెప్పుకునేవాడికి గృహనిర్మాణం ఏం తెలుస్తుంది? మేస్త్రీ చూపించిన అద్దంలాంటి టైల్సే వేయించాను.

గృహప్రవేశంనాడు అమ్మ గడపలోనే ఆగిపోయింది. కుచ్చెళ్ళు పైకెత్తి, "ఒరే నాయనా, సముద్రం ఇంట్లోకొచ్చేసిందిరా!" అంది. నేను నవ్వాను. నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఆమె కంటికి మెరిసే నేల నీళ్ళు. కాళ్ళు తుడుచుకునే నల్లపట్టా నుయ్యి. రాత్రిళ్ళు కిటికీ అద్దంలో కనబడే తన రూపమే ఎవరో పరాయి మనిషి.

టైల్స్ పీకించి మెరుపులేని గచ్చు చేయించాను. చీకటిపడకముందే తెరలు దించేస్తాం. మంచంమీంచి కనబడేటట్లు స్నానాలగది తలుపుకు ముదురు పసుపురంగు వేయించాం. ఉప్పుగాలికి ఇనుము నిలవదు గనక చెయ్యి ఆనుకునే కడ్డీలు టేకువి.

చిక్కంతా గేటుతోనే. సాయంత్రమయ్యేసరికి పుట్టింటికి పోవాలంటుంది. తాళం వేస్తే ఏడుపు, తీస్తే ఎదురుగా సముద్రం! గోడ ఎత్తు చేయమన్నారందరూ. మా ఆవిడ మాత్రం, "నడవనివ్వండి. దారి మళ్ళీ ఇంటికే వస్తే సరి" అంది.

గేటుకు గోడరంగే వేసి, ఇంటిచుట్టూ బాట పరిపించాం. తూర్పువైపు ఒక అరుగు. అక్కడ కూర్చుంటే గోడకున్న కిటికీలోంచి అలలు కనబడతాయి.

నిన్న అమ్మ అలాగే చుట్టి, కాసేపు కూర్చుని, వీధిగుమ్మానికి వచ్చింది. "ఇల్లు బాగుందండీ. అద్దె ఎంత?" అని నన్నడిగింది.

"నీదేనమ్మా" అన్నాను.

చెప్పులు విప్పి లోపలికి వచ్చింది.