క్షయ కాని దగ్గు

మన వరంగల్లు పల్లెలలో విడువని దగ్గు గలవానిని చూడగానే క్షయ అని తలంచి దూరమగుదుము. అయితే క్షయ క్రిమికి దాయాదులైన క్రిములు మరికొన్ని కలవు. అవి నీటిలోను మట్టిలోను నివసించును. వాటి నడుమనే తిరుగుచున్నను మనలో అనేకులకు హాని కలుగదు.

మా వీధిలోని యొక సహోదరునికి హైదరాబాదులో ఊపిరితిత్తులు మార్చిరి. 2013లో ఆరంభమైన జీవన్‌దాన్ పథకము ద్వారా, మరణించినవారి అవయవములు ఇట్టివారికి అందుచున్నవి. పరాయి ఊపిరితిత్తులను శరీరము త్రోసివేయకుండునట్లు, రోగనిరోధకశక్తిని అణచు మందులు ఆయన బ్రదికినంతకాలము మ్రింగవలెను. ఆ సందున ఈ క్రిమి చొరబడెను.

సూక్ష్మదర్శినిలో ఇది క్షయ క్రిమివలెనే కనబడును. కల్చరు పరీక్షవలన గాని జన్యుపరీక్షవలన గాని భేదము తెలియును. చికిత్స కఠినము. తరచుగా మూడు మందులో, అంతకెక్కువో కలిపి, కఫములో క్రిమి కనబడకపోయిన తరువాత కూడ 12 నెలలు వాడుదురు. వాటిలో రిఫాంపిసిన్ అనునది, క్రొత్త ఊపిరితిత్తులను కాపాడు టాక్రోలిమస్ బలమును తగ్గించును. ఒకదానిని కాపాడబోగా మరియొకటి చెడకుండ వైద్యులు చూడవలెను.

ఇదేమియు ఎరుగక ఇరుగుపొరుగువారు ఆయనకు చెంబు వేరు చేసిరి. ఈ క్రిమి సాధారణముగా మనిషినుండి మనిషికి అంటునది కాదని చెప్పి, నేను ఆయన ప్రక్కనే కూర్చుండి టీ త్రాగితిని. పేరైనను తెలియని యొకని దానము ఆయన రొమ్ములో ఊపిరియై ఆడుచున్నది. మనము గుమ్మము దాటుటకు జంకుట తగునా?

భయపడవలసినది ఆయనే. మీకు జలుబున్నయెడల ఆయన యింటికి పోకుడి. పోవునప్పుడు చేతులు కడుగుకొనుడి. మట్టి త్రవ్వు పని యున్నయెడల మీరే చేసిపెట్టుడి.