చెక్కు వెనక సంతకం

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. ఈ దేశం వచ్చిన మనవాళ్ళలో పాత ఘంటసాల రికార్డులు కూడబెట్టేవారున్నారు, బేస్‌మెంటు నిండా తెలుగు నవలలు పేర్చుకున్నవారున్నారు, మంచు కురిసే ఊళ్ళో కరివేపాకు మొక్కను పసిబిడ్డలా సాకేవారున్నారు. నా పిచ్చి కాస్త వేరు. నేను ఆటగాళ్ళు సంతకం చేసిన బేస్‌బాల్ కార్డులు సేకరిస్తాను. అదీ కొట్లో కొని కాదు. ఆ ఆటగాళ్ళు చెప్పిన ధర్మసంస్థకి చందా పంపి, పోస్టులో తెప్పించుకుంటాను. "డాక్టరుగారూ, క్రికెట్ అంటే అర్థముంది, ఈ బేస్‌బాల్ గోలేమిటండీ?" అని మిత్రులు వేళాకోళం చేస్తుంటారు. పండుగ సంచికకి ఏదైనా రాసిమ్మని సంఘం వాళ్ళు అడిగారు కనుక, ఈ వంకన నా సంజాయిషీ వినిపించుకుంటాను.

ఈ వ్యసనానికి కారకుడు మా అబ్బాయి. మేము వుండేది బోస్టన్ దగ్గర. వాడికి తొమ్మిదేళ్ళప్పుడు బడినుంచి ఒక కార్డుల కట్ట తెచ్చుకున్నాడు. రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు వున్న అట్టముక్కలు. ముందువైపు ఆటగాడి బొమ్మ, వెనకవైపు అతని ఆట లెక్కలు. చూడగానే నాకు చిన్నప్పుడు ఏరుకున్న అగ్గిపెట్టె బొమ్మలూ, బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెట్ బొమ్మలూ గుర్తొచ్చాయి. "నాన్నా, వీళ్ళకి ఉత్తరం రాస్తే సంతకం చేసి పంపుతారట" అన్నాడు వాడు. మా ఆసుపత్రిలో పనిచేసే ఒక టెక్నీషియన్‌కి ఈ విద్యలో ముప్ఫై ఏళ్ళ అనుభవం. ఆయనే మా ఇద్దరికీ అక్షరాభ్యాసం చేయించాడు.

పద్ధతి ఇదీ. ఉత్తరం చేత్తో రాయాలి, పొట్టిగా రాయాలి. రెండు అట్టల మధ్య కార్డు పెట్టాలి. మన చిరునామా రాసి, స్టాంపు అంటించిన తిరుగు కవరు జతచేయాలి. కొందరు ఆటగాళ్ళు ఊరికే సంతకం చేస్తారు. కొందరు మాత్రం ఫలానా సంస్థకి ఇంత పంపండని ముందే చెబుతారు: పిల్లల ఆసుపత్రికో, సొంత ఊరి గ్రంథాలయానికో, వికలాంగ బాలల ఆటలకో. చెక్కు ఎప్పుడూ ఆ సంస్థ పేరునే రాయాలి, ఆటగాడి పేరున కాదు. నునుపైన కార్డు మీద సిరా నిలవక చుక్కలు కడుతుంది. అందుకని ముందు చంటిపిల్లల పౌడరు కాస్త అద్ది మెత్తని గుడ్డతో తుడవాలి. ఆ తరువాత పోస్టుమాన్ కోసం ఎదురుచూపులు. రెండు వారాల్లో వచ్చేవి వున్నాయి, ఏడాది దాటాక వచ్చేవీ వున్నాయి. ఒక్క క్లిక్కుతో అన్నీ గుమ్మంలోకి వచ్చిపడే ఈ రోజుల్లో, ఒక పిల్లవాడికి ఎదురుచూడడం నేర్పే సాధనం ఇంకేముంది చెప్పండి?

ఈ ఆటగాళ్ళందరూ కోటీశ్వరులని మనం అనుకుంటాం. 1975 చివర్లో వచ్చిన ఒక మధ్యవర్తి తీర్పుతోనే ఆటగాళ్ళకి తమకిష్టమైన జట్టుతో బేరమాడుకునే స్వేచ్ఛ వచ్చి, జీతాలు పెరగడం మొదలైంది. అంతకుముందువాళ్ళలో చాలామంది చలికాలంలో వేరే ఉద్యోగాలు చేసుకున్నవారే. కష్టాల్లో పడ్డ పాత ఆటగాళ్ళని ఆదుకోవడానికి 1986లో బేస్‌బాల్ అసిస్టెన్స్ టీమ్ అనే సంస్థ పుట్టిందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. అలాంటి తరానికి చెందినవారు తమ సంతకానికొచ్చే నాలుగు డబ్బులు తాము పుచ్చుకోకుండా ఇంకొకరికి ఇప్పిస్తున్నారంటే, అది చిన్న విషయం కాదు.

మా అమ్మ ఆరునెలలు వుండిపోదామని వచ్చినప్పుడు ఈ తతంగమంతా చూసింది. "ఒరే నాయనా, దానం చేసి మళ్ళీ సంతకం పుచ్చుకోవడమేమిట్రా? మన ఊరి గుళ్ళో ఫ్యాను రెక్కలమీద దాత పేరు రాయించుకున్నట్టుంది" అంది. నవ్వాను గానీ జవాబు తోచలేదు. తమాషా ఏమిటంటే, అమెరికా ఆదాయపన్ను శాఖ కూడా మా అమ్మ పక్షమే. చందాకి బదులుగా ఏదైనా వస్తువు పుచ్చుకుంటే, దాని బజారు విలువ తీసేసి మిగిలినదే దానం కింద లెక్క. చెల్లించింది 75 డాలర్లు దాటితే, ఆ వస్తువు విలువెంతో సంస్థవాళ్ళే కాగితం మీద రాసివ్వాలి. అంటే ధర్మశాస్త్రం ప్రకారమూ, పన్ను శాస్త్రం ప్రకారమూ నాది కల్తీ దానమే!

అయినా ఈ పద్ధతికి ఒక చరిత్ర వుంది, అది మా ఊరిదే. 1948 మే 22న ఒక రేడియో కార్యక్రమంలో బోస్టన్‌లో క్యాన్సర్‌తో మంచాన వున్న పన్నెండేళ్ళ కుర్రవాడి గొంతు దేశమంతా వినిపించింది. అసలు పేరు దాచి "జిమ్మీ" అని పిలిచారు. అతని అభిమాన జట్టు బోస్టన్ బ్రేవ్స్ ఆటగాళ్ళు ఒక్కొక్కరే అతని మంచం దగ్గరికి వచ్చారు. ఆట చూసుకోవడానికి జిమ్మీకి టెలివిజన్ కొనాలి, 20 వేల డాలర్లు పోగవ్వాలి అని అడిగితే, 2 లక్షల 31 వేలకు పైగా వచ్చాయి. అదే జిమ్మీ ఫండ్. డాక్టర్ సిడ్నీ ఫార్బర్ పరిశోధనకి, ఈనాటి డానా-ఫార్బర్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి అదే అండ. జిమ్మీ చనిపోయాడనే చాలామంది అనుకున్నారు. సరిగ్గా యాభై ఏళ్ళకి, 1998లో, ఐనార్ గుస్టాఫ్‌సన్ అనే ట్రక్కు డ్రైవరు, ఆ జిమ్మీని నేనేనని ముందుకొచ్చాడు!

1953లో బ్రేవ్స్ జట్టు మిల్వాకీకి తరలిపోతే రెడ్ సాక్స్ జట్టు ఆ బాధ్యత తీసుకుంది. ఆ జట్టులో మహానుభావుడు టెడ్ విలియమ్స్. 1941లో .406 సగటు సాధించిన బ్యాటరు. పత్రికలవాళ్ళంటే ఆయనకి పడదు. ఆసుపత్రిలో పిల్లల్ని చూడడానికి వెళ్ళినప్పుడు కెమెరాలు రాకూడదన్నది ఆయన షరతు. 1960లో ఆయన తమ్ముడే లుకేమియాతో పోయాడు. జిమ్మీ ఫండ్‌కి చందా ఇవ్వదలచినవాళ్ళు తన పేరున చెక్కు రాసి పంపితే, దాని వెనక సంతకం చేసి ఫండ్‌కి జమచేయిస్తానని విలియమ్స్ మాట ఇచ్చాడు. ఆ రోజుల్లో చెల్లుబాటయిన చెక్కులు బ్యాంకునుంచి తిరిగి ఖాతాదారుకే వచ్చేవి. అంటే డబ్బు పిల్లల ఆసుపత్రికి, సంతకం దాతకి! నేటి చందా సంతకాలకి ఇంతకన్నా ముచ్చటైన పూర్వరూపం నాకు కనబడలేదు.

ఇక మనం గర్వపడవలసిన భాగం. జిమ్మీ రేడియోలో మాట్లాడిన రెండు వారాలకే, 1948 జూన్‌లో, డాక్టర్ ఫార్బర్ తన ప్రసిద్ధ వ్యాసం ప్రచురించాడు. లుకేమియా పిల్లలు పదహారుమందికి అమినోప్టెరిన్ అనే మందు ఇస్తే పదిమందిలో వ్యాధి తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గిందని దాని సారాంశం. అంతకుముందు ఆ వ్యాధికి మందన్నదే లేదు. ఆ అమినోప్టెరిన్ తయారయింది లెడర్లీ ప్రయోగశాలలో, మన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో. 1895లో భీమవరంలో పుట్టి, 1923లో ఇదే బోస్టన్‌లో అడుగుపెట్టిన మనిషి. ఆ వ్యాసం వచ్చిన రెండు నెలలకే, ఆగస్టులో, 53 ఏళ్ళకే ఆయన కన్నుమూశారు. ఆ కుటుంబంలోదే అయిన మెథోట్రెక్సేట్ నేటికీ మేము రాస్తూనే వున్నాము. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లుకేమియా రకంలో ఇప్పుడు నూటికి తొంభైమంది దాకా బతుకుతున్నారు.

ఈ సంగతి చెబితే మా అమ్మ కళ్ళు పెద్దవి చేసింది. ఆవిడ పుట్టిల్లు భీమవరం పక్కనే. "మరి ఆయన కార్డు లేదుట్రా మీ దగ్గర?" అంది. శాస్త్రజ్ఞులకి కార్డులు వేయరు కదమ్మా అన్నాను. కానీ 1995లో ఆయన శతజయంతికి మన తపాలాశాఖ స్టాంపు విడుదల చేసింది. అది సంపాదించి ఆల్బంలో టెడ్ విలియమ్స్ పక్కన పెట్టాం. సంతకం లేకపోయినా ఆ పేజీకి ఆయన అర్హుడే.

సంతకాల బజారులో మోసానికి కొదవలేదు. 1990లలో ఎఫ్‌బీఐ "ఆపరేషన్ బుల్‌పెన్" పేరిట దొంగ సంతకాల ముఠాలని పట్టుకుని, ఎంతోమందికి శిక్షలు వేయించింది. కొనేవాడికి సంతకం నిజమా కాదా అన్నదే బెంగ. ఇంటి చిరునామాకి రాసి తెప్పించుకున్న సంతకానికి కూడా నూరుపాళ్ళ హామీ లేదనుకోండి. కానీ చందా వ్యవహారంలో ఒక సుఖముంది: సంతకం సంగతెలా వున్నా, ఆసుపత్రికి చేరిన డబ్బు మాత్రం దొంగది కాదు.

నేను నరాల వైద్యుణ్ణి. సంతకాలు చూసే నా చూపు కాస్త వేరుగా వుంటుంది. అక్షరాలు క్రమంగా చిన్నవైపోవడం పార్కిన్సన్స్ లక్షణాల్లో ఒకటి. గీతలు అలల్లా వణకడం వేరే జబ్బులో కనిపిస్తుంది. పోస్టులో రోగనిర్ణయం చేయకూడదని తెలిసినా కన్ను వూరుకోదు. 1960లలో ఆడిన ఒక పిచ్చరు వున్నాడు. తన ఊరి పిల్లల ఆసుపత్రికి చందా పంపమనేవాడు. మొదటిసారి వచ్చిన సంతకం కార్డుకి ఈ చివరనుంచి ఆ చివరదాకా వుంది. నాలుగేళ్ళ తరువాత వచ్చింది అందులో సగం లేదు. మూడోసారి కవరు వచ్చినప్పుడు అందులో మా కార్డు ఖాళీగానే వుంది, మా చెక్కు కూడా వుంది. వాటితో ఆయన కూతురు రాసిన చీటీ: నాన్నగారు ఇక కలం పట్టుకోలేకపోతున్నారు, మీ అబ్బాయి ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నారు, సంతకం చేయకుండా డబ్బు తీసుకోవడం ఆయనకి ఇష్టం లేదు.

మా అబ్బాయికి అప్పటికి పదమూడేళ్ళు. ఆ చీటీ చదివి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తనే ఇంకో కవరు తెచ్చి, దానిమీద ఆసుపత్రి చిరునామా రాసి, అదే చెక్కు అందులో పెట్టి పంపించాడు. ఖాళీ కార్డుని ఆయన మిగతా రెండు కార్డుల పక్కన దూర్చాడు. సంతకం లేనిది ఎందుకురా అని మా అమ్మ అడిగితే, వాడు తన వచ్చీరాని తెలుగులో, "నానమ్మా, ఇది కూడా ఆయనే పంపించారు కదా" అన్నాడు. మా అమ్మ ఆ తరువాత ఫ్యాను రెక్కల మాట ఎత్తలేదు.

మన పిల్లలకి దానం గురించి మనం చెప్పే కథలు శిబి, కర్ణుడు, బలి. గొప్ప కథలే, కానీ వాళ్ళకి అందనంత ఎత్తులో వుంటాయి. పది డాలర్ల చెక్కు, చేత్తో రాసిన ఒక ఉత్తరం, ఒక అట్టముక్క వాళ్ళ చేతికందుతాయి. బేస్‌బాలే అక్కరలేదు, మీ పిల్లలకి ఏ ఆట ఇష్టమైతే ఆ ఆట ఎంచుకోండి. ఆ ఆటగాడు ఏ సంస్థకి ఇప్పిస్తున్నాడో, అది ఎవరికి ఏం చేస్తోందో ముందు వాళ్ళచేతే కనుక్కోమనండి. ఆ తరువాత సంతకం వచ్చిందా, సంతోషం. రాలేదా, ఇంకో పిల్లవాడికి మందు అందింది.