తాతగారి బాకీ నడక

రాజమహేంద్రవరంలో రైలు దిగేసరికి తెలతెలవారుతున్నది. ధవళేశ్వరం ఎంతో దూరం లేదు. ఆనకట్ట మొదట్లో ఆటో దిగి, "ఇక్కడినుంచి బొబ్బర్లంకకు నడిచి వెళతాను" అంటే ఆటో అబ్బాయి నన్ను ఎగాదిగా చూశాడు. "బస్సులున్నాయి గదండీ!" అన్నాడు. ఉన్నాయి. ఆ బస్సుల మూలంగానే మా తాతగారి కోరిక తీరకుండా పోయింది.

మాది కోనసీమలో, లొల్ల లాకులకు దిగువన కాలువ గట్టుమీద ఊరు. మూడెకరాల మాగాణి, పెరట్లో పాతిక కొబ్బరిచెట్లు, అదే తాతగారి ప్రపంచం. చిన్నతనంలో ఒక వేసవిలో వాళ్ల నాన్నగారి చెయ్యి పట్టుకుని పాత ఆనకట్టమీద కొంతదూరం నడిచారట. ఆ ముచ్చట నాకు వందసార్లు చెప్పి ఉంటారు. 1970లో మొదలుపెట్టి 1982లో పూర్తిచేసిన కొత్త బ్యారేజీమీద ఎన్నిసార్లో ప్రయాణం చేశారు గాని, బస్సు మధ్యలో ఆగదు గదా! "ఒరే అబ్బాయీ, 175 తలుపులంటారు. ఒక్కసారి నడుచుకుంటూ వెళ్లి లెక్కపెట్టాలిరా" అనేవారు. "అలాగే తాతగారూ, ఈ సెలవుల్లో తప్పకుండా" అనేవాణ్ణి. సెలవులు వచ్చేవి. దిద్దవలసిన పరీక్ష కాగితాలు వచ్చేవి, పెళ్లిళ్లు వచ్చేవి, ఎండలు ముదిరేవి. కిందటి కార్తీకంలో, తొంభై రెండో ఏట, ఆయన దాటిపోయారు. కర్మకాండ అంతా సక్రమంగా జరిగింది. ఈ నడక ఒక్కటే బాకీ పడిపోయింది.

గోదావరి ఇక్కడ లంకలవల్ల పాయలుగా చీలింది. అందుచేత ఆనకట్ట కూడా నాలుగు ముక్కలు. ధవళేశ్వరం వైపు 70 తలుపులు, ర్యాలి వైపు 43, మద్దూరు వైపు 23, విజ్జేశ్వరం వైపు 39. కోనసీమ ముఖద్వారమైన బొబ్బర్లంకకు పోవాలంటే మొదటి రెండు ముక్కలూ దాటాలి. మధ్యలో పిచ్చుకలంక.

"లాభం, రెండు, మూడు..." అని మొదలుపెట్టాను. తాతగారి దగ్గర లెక్క ఎప్పుడూ లాభంతోనే మొదలు. నలభై దాటానో లేదో, వెనకనుంచి లారీ ఒకటి చెవులు చిల్లులు పడేటట్టు హారన్ కొట్టింది. లెక్క తప్పింది. చిన్నప్పుడు కొబ్బరికాయల రాశి దగ్గర లెక్క తప్పితే తాతగారు కోప్పడేవారు కారు. "మళ్లీ లాభం దగ్గరకు రా" అనేవారు, అంతే. సంచీ భుజం మార్చుకుని వెనక్కు నడిచాను.

రెండోసారి నడుస్తుంటే ఎడమా కుడీ నీళ్లే. 1833 నాటి కరువులో ఇంత నదీ పక్కనే సముద్రంలోకి పోతుండగా, ఈ జిల్లా జనం తిండిలేక అల్లాడారు. కాటన్ దొర 1847లో పని మొదలుపెట్టి 1852లో పాత ఆనకట్ట పూర్తిచేయించాడు. తాతగారు రోజూ కాలువలో స్నానం చేసి, పెద్దల పేర్లు తలుచుకున్నాక దొర పేరున కూడా ఒక దోసెడు నీళ్లు వదిలేవారు. శాస్త్రం ఒప్పుతుందా అని పురోహితులెవరో అడిగితే, "తిన్న అన్నం ఒప్పుకుందండీ" అన్నారట.

1986 ఆగస్టు వరద నాకు లీలగా గుర్తుంది. గట్టు తెగి నీళ్లు ఇంట్లోకి వచ్చాయి. తాతగారు నన్ను భుజాన వేసుకుని అటకమీదికి ఎక్కించారు. ధాన్యం తడిసి మొలకెత్తింది, పాడి గేదె పోయింది. నీళ్లు తీసిన మర్నాడే ఆయన యథాప్రకారం స్నానానికి బయలుదేరారు. "మన గేదెను చంపేసింది గదా తాతగారూ, దణ్ణం ఎందుకూ?" అన్నాను. "అమ్మ ఒకనాడు కొట్టిందని ఆమె పెట్టే అన్నం మానేస్తామా?" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చూపు ఖాళీ గేదెల సావిడిమీద ఉన్న సంగతి నాకు ఇన్నేళ్లకు, ఈ గోడమీద చెయ్యి వేసి నిలబడ్డప్పుడు గుర్తుకు వచ్చింది.

పిచ్చుకలంకలో ఒక పాకలో టీ తాగి, రెండో ముక్క అందుకున్నాను. బొబ్బర్లంక చేరేసరికి ఎండ చుర్రుమంటున్నది. నా లెక్క 112 దగ్గర ఆగింది. ఒకటి ఎక్కడో జారిపోయింది. తాతగారైతే మళ్లీ లాభం దగ్గరకు పంపేవారు కాబోలు. ఈసారి వెళ్లలేదు. ఆ ఒక్కటీ ఆయన లెక్కపెట్టుకోవటానికి వదిలేశాను.

బొబ్బర్లంక దగ్గరే మధ్య డెల్టా కాలువకు తల. వేసవిలో కట్టేసిన కాలువకు ఆ ఉదయమే నీళ్లు వదిలారట. ఎర్రటి నురుగు, ఎండుటాకులు ముందుకు తోసుకుంటూ నీరు కదులుతున్నది. మెట్లు దిగి తాతగారి పేరున ఒక దోసెడు, ఆయన తరపున దొర పేరున ఒక దోసెడు వదిలాను.

బస్సెక్కితే నీటికంటే ముందే ఊరు చేరతాను. ఏటా జ్యేష్ఠంలో మొదటి నీరు వచ్చేనాడు తాతగారు పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకుని రేవులో నిలబడేవారు. ఈ ఏడు ఆ చోటు ఖాళీగా ఉంటుందని నాన్నగారు ఉత్తరాదినుంచి ఫోనులో బాధపడ్డారు.

రావులపాలెం బస్సు వచ్చింది. అక్కడ దిగి కొబ్బరికాయ కొన్నాను.