వేరావల్‌లో... పురిటికొచ్చిన చేప!

సోమనాథుడి దర్శనానికి వెళ్లిన మనవాళ్లలో చాలామంది పక్కనే ఉన్న వేరావల్ రేవు చూడకుండానే రైలెక్కేస్తారు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వలసవెళ్లిన మత్స్యకారులు ఎందరో అక్కడి బోట్లలోనే పనిచేస్తారు. 2018లో పాకిస్థాన్‌కు చిక్కి, 2020 జనవరిలో విడుదలైన మనవాళ్లు వేటకు బయల్దేరిందీ ఇక్కడినుంచే.

ఎండుచేపల వాసన ఓర్చుకుంటే ఆ రేవులో ఓ మంచి కథ దొరుకుతుంది. తిమింగల సొర ప్రపంచంలోకెల్లా పెద్ద చేప. నలభై అడుగులకు పైగా పెరిగినా మనిషి జోలికి రాదు. సౌరాష్ట్ర తీరంలో ఒకప్పుడు దాన్ని కొక్కేలకు పీపాలు కట్టి వేటాడేవారు. అందుకే దాని పేరు 'బ్యారెల్'! కాలేయం నూనె పడవలకు పూతగా, మాంసం ఎగుమతికి. మైక్ పాండే డాక్యుమెంటరీ ఆ ఘోరాన్ని లోకానికి చూపింది. 2001లో వేట నిషేధించారు. సరే, ఆ సంగతి పల్లెలకు చెప్పేదెలా?

2004లో మొదలైన ప్రచారంలో రామకథా ప్రవచనకర్త మురారీ బాపు ఆ చేపను పురిటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డతో పోల్చారు. (నిజంగానే అది గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది.) గాలి నింపిన నిలువెత్తు చేపబొమ్మతో ఊరూరా తిరిగారు, వీధినాటకాలు ఆడారు. వంద కరపత్రాలు ఆ ఒక్క పోలికకు సాటిరావని నాకనిపించింది.

ఇప్పుడు వలలో పడితే వలనే కోసేసి వదిలేస్తున్నారు. వలంటే మాటలా? అప్పుచేసి కొన్నది. అందుకే అటవీశాఖ పరిహారమిస్తుంది. రుజువుగా ఫొటోలు తీసేందుకు జాలర్లకు కెమెరాలూ అందాయి. అలా వందల సొరలు తిరిగి కడలికి చేరాయి.

మీరు వెళ్తే మాత్రం 'బ్యారెల్' అని అడక్కండి. ఇప్పుడు దాని పేరు 'వ్హాలీ'. గుజరాతీలో ప్రియమైనదని అర్థం.