అమ్మ వాకిట్లోకి వచ్చి చంద్రుణ్ణి చూసింది

పోస్టు కొంచెం పెద్దది, చివరిదాకా చదవండి.

నా పై పెదవి మీద కుట్టు గుర్తు ఉంటది. పుట్టుకతోనే చీలిక. మన దగ్గర దాన్ని గ్రహణం మొర్రి అంటారు కదా. ఆ పేరుతోనే తప్పంతా తల్లి మీద పడుద్ది. "గ్రహణం నాడు బయట తిరిగి ఉంటది, కత్తి పట్టి ఉంటది" అని ఇరవై ఏళ్ళుగా మా అమ్మని అంటానే ఉన్నారు. ఆపరేషన్ అయ్యాక నా మాట బాగుపడింది. అమ్మ మీద పడ్డ మాట మాత్రం పోలేదు.

2025 సెప్టెంబరు 7, ఆదివారం, సంపూర్ణ చంద్రగ్రహణం. మణుగూరు హాస్టల్ నుంచి ఇంటికెళ్ళా. మా అక్కకి ఐదో నెల. తిరుమల నుంచి భద్రాచలం దాకా గుడి తలుపులు మూసినట్టే, మా అమ్మ కూడా అక్కని లోపల పడుకోబెట్టి తలుపేసింది. "కదలకు బిడ్డా, గోక్కోకు" అంది. ఒకటే ఉక్క. నీళ్ళు అడగడానిక్కూడా అక్క భయపడింది.

నేను వాకిట్లో మంచం వేసుకున్నా. 9:57కి చంద్రుడి అంచు నల్లబడటం మొదలైంది. మబ్బులు వస్తా పోతా ఉన్నయ్. 11 గంటలకి మొత్తం కాలిన ఇటుక రంగులోకి మారాడు. పున్నమి వెలుగులో కనపడని చుక్కలన్నీ బయటపడ్డయ్.

గ్రహణమంటే చంద్రుడి మీద మన భూమి నీడ. మన గాలి పొరలో నుంచి వంగి వెళ్ళే ఎండలో నీలం చెదిరిపోయి, ఎరుపే ఎక్కువగా అక్కడిదాకా చేరుద్ది. సాయంత్రం గోదారి మీద చూస్తామే, ఆ ఎరుపే. చూస్తే కంటికి ఏమీ కాదు.

అప్పుడే ఫోన్‌లో పాత గ్రహణాల తేదీలు వెతికా. నేను పుట్టింది 2005 ఆగస్టులో. అంటే అమ్మ కడుపులో పడింది 2004 నవంబరులో. బిడ్డ పెదవి తయారయ్యేది గర్భం నాలుగు నుంచి ఏడో వారం లోపే. ఆ వారాల్లో అసలు గ్రహణమే లేదు. 2005 ఏప్రిల్‌లో సూర్యగ్రహణం ఒకటి, చంద్రగ్రహణం ఒకటి వచ్చినయ్. రెండూ మన దగ్గర కనపడలేదు. అప్పటికే నా పెదవి తయారై నెలలైంది.

లోపలికెళ్ళి అమ్మకి చెప్పా. వేళ్ళ మీద నెలలు లెక్కబెట్టుకుంది. మళ్ళీ లెక్కబెట్టింది. "మరి ఇన్నేళ్ళూ..." అని ఆగిపోయింది.

కాసేపటికి చెంబుతో నీళ్ళు తీసుకుని తలుపు తీసి అక్కకి ఇచ్చింది. తర్వాత వాకిట్లోకి వచ్చి నా పక్కన కూర్చుని పైకి చూసింది. అక్క రాలేదు. నేను బలవంతపెట్టలేదు. ఇరవై ఏళ్ళ భయం ఒక్క రాత్రిలో పోతదా? 12:22కి చంద్రుడి అంచున తెల్లటి వెలుగు వచ్చిందాకా అమ్మ అక్కడే ఉంది.

చీలిక వంశంలో నుంచి రావచ్చు, కొన్ని మందుల వల్లో పొగ వల్లో రావచ్చు. చాలామందికి ఫలానా కారణమని డాక్టర్లు కూడా చెప్పలేరు. చంద్రుడు మాత్రం కాదు. మీ ఇంట్లో గర్భిణి ఉంటే తలుపేయకండి. మొదటి నెలల నుంచే ఫోలిక్ యాసిడ్ మాత్రలు, ఆస్పత్రి పరీక్షలు చూడండి. చీలికతో బిడ్డ పుడితే తల్లిని అనకండి, ఆపరేషన్‌కి తీసుకెళ్ళండి.

2028 డిసెంబరు 31 రాత్రి మళ్ళీ సంపూర్ణ చంద్రగ్రహణం మనకి కనపడుద్ది. అప్పటికి అక్క బిడ్డకి మూడేళ్ళు నిండబోతుంటయ్. భుజం మీద ఎక్కించుకుని చూపిస్తా. అక్క కూడా వస్తదనే అనుకుంటున్నా.