గునుగు గింజలు

గునుగును ఎవరైనా విత్తుతారా అని మా కోహీర్‌లో నవ్వుతారు. జొన్నచేలో, కంది సాళ్లలో తనంతట తనే లేచే కలుపు మొక్క అది. మేం విత్తుతాం. చేలు పత్తికి మళ్లి, కలుపుమందులు వచ్చాక గట్ల మీద కూడా గునుగు పలచబడింది. అందుకే మా వాకిట్లో మడి.

గింజ ఆవగింజ కంటే చిన్నది, నల్లగా నిగనిగలాడుతుంది. లోతుగా పూడిస్తే మొలవదు. వానలు పడి ఎర్రమట్టి చల్లబడ్డాక గింజల్ని ఇసుకలో కలిపి చల్లి, పైపైన చేత్తో రాస్తే చాలు. నీళ్లు నిలవకూడదు, అంతే. ఎరువు అడగదు. వారం పదిరోజులకు మొలకలు. ఒత్తుగా వచ్చినవి పీకుతాం గాని పారెయ్యం, అమ్మీ పప్పులో వేస్తుంది. నైజీరియాలో ఈ ఆకును కూర కోసమే మళ్లు కట్టి పెంచుతారు. మా దగ్గర పస్తాపూర్ డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు కూడా విత్తకుండా వచ్చే ఆకుకూరల్ని కలుపు అనరు. చదువుకున్నోళ్లకు ఆ సంగతి నేర్పింది ఈ దళిత స్త్రీలే.

గునుగు పుట్టిల్లు ఇండియా అని కొందరు శాస్త్రవేత్తలు, ఆఫ్రికా అని కొందరు. దాన్నెవరూ కాగితాలు అడగలేదు. మమ్మల్ని అడుగుతారు. "అసలు మీరు ఎక్కణ్ణుంచి వచ్చిండ్రు సాయబూ?" మేం ఎక్కడికీ కదల్లేదు. ఊరే జిల్లాలు మారింది. 1956లో బీదర్ నుంచి మెదక్‌కు, 2016లో సంగారెడ్డికి. మా దాదా సమాధి ఉన్నచోటే ఉంది.

ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. తెలుగులో రాస్తే "మీకు భలే వచ్చే" అంటారు. అది మెచ్చుకోలని మేం ఎన్నడూ అనుకోలేదు. గునుగు జాతిదే అయిన కోడిజుట్టు పువ్వును ఇంట్లో కల్గా అంటాం. రెండు పేర్లూ తలమీది కుచ్చును చూసి పెట్టినవే.

పెత్రమాస నాటికి వెండి కొనల పూలు నిలబడతాయి. పక్కింటి అక్క గంపతో వస్తుంది. బతుకమ్మ 2014లో రాష్ట్ర పండుగ కాకముందు నుంచీ వస్తోంది. మొన్నటేడు ఆమె కొడుకు వాకిట్లో నిలబడి "వీళ్లింటి పూలెందుకే" అన్నాడు. మేం విన్నామని వాడికి తెలుసు. అక్క కొడవలి ఆపలేదు. "గంప పట్టు" అన్నది. పట్టాడు. అమ్మీ తెచ్చిన చాయ్ మాత్రం ముట్టలేదు.

కొన్ని కంకుల్ని కొయ్యకుండా ఎండనిస్తాం. గుడ్డ మీద దులిపితే గింజలు రాలతాయి. ఈసారి ఒక పొట్లం ఎక్కువ కట్టాం. చేను గట్టు మీద చల్లుతానని అక్క అడిగింది.