మరణశిక్ష: రివ్యూ మిగిలి ఉండాలంటే మనిషి మిగిలి ఉండాలి

వందమంది దోషులు తప్పించుకున్నా ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదు. మరణశిక్షపై ఎస్సే అనగానే మనలో చాలామంది ఈ మాటతోనే మొదలుపెడతాం. తర్వాత 1980 నాటి బచన్ సింగ్ తీర్పు, 2015లో వచ్చిన లా కమిషన్ 262వ నివేదిక, చివర్లో ఆర్టికల్ 72. 2019 మార్చి 5న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చదివాక ఈ వరుసలో అసలు ప్రశ్నే లేదనిపించింది నాకు. మీరూ ఆ కేసు చూడండి.

2003 జూన్‌లో మహారాష్ట్రలోని నాసిక్ జిల్లాలో ఒక కుటుంబంపై రాత్రివేళ దాడి జరిగింది. ఐదుగురిని చంపేశారు. దోపిడీ, అత్యాచారం కూడా జరిగాయి. ఈ కేసులో సంచార తెగలకు చెందిన ఆరుగురు నిందితులయ్యారు. 2006లో సెషన్స్ కోర్టు ఆరుగురికీ ఉరిశిక్ష వేసింది. 2007లో బాంబే హైకోర్టు ముగ్గురి శిక్షను యావజ్జీవంగా తగ్గించింది. 2009లో సుప్రీంకోర్టు ఆ ముగ్గురితో సహా అందరికీ ఉరే సరైందని తేల్చింది.

పదేళ్ల తర్వాత అదే సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులని విడుదల చేసింది. దాడి నుంచి బతికి బయటపడిన ప్రత్యక్ష సాక్షి మొదట్లోనే పోలీసుల దగ్గరున్న ఫొటోల్లో వేరే నలుగురిని గుర్తించింది. ఆ నలుగురి మీద దర్యాప్తే సాగలేదు. ఈ ఆరుగురు మాత్రం 16 ఏళ్లు జైల్లో ఉన్నారు. వారిలో ఒకరు నేరం జరిగేనాటికి మైనర్. ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని కోర్టు ఆదేశించింది.

ఈ కేసు మళ్లీ ఎలా తెరుచుకుందో గమనించండి. మరణశిక్ష కేసుల్లో రివ్యూ పిటిషన్‌ను ముగ్గురు జడ్జిలు బహిరంగ కోర్టులో వినాలని 2014లో మహ్మద్ ఆరిఫ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికే రివ్యూ కొట్టేసినా, శిక్ష ఇంకా అమలు కానివారు మళ్లీ అడగవచ్చంది. "ఇంకా అమలు కానివారు" అన్న షరతులోనే మొత్తం విషయం ఉంది. బ్రిటన్‌లో తిమోతీ ఎవాన్స్‌ను 1950లో ఉరి తీశారు. 1966లో క్షమాభిక్ష ఇచ్చారు. అందుకోవడానికి ఆయన లేడు.

"అత్యంత అరుదైన కేసు" అనే కొలమానం నేరం ఎంత ఘోరమో, నేరస్థుడు మారే అవకాశం ఉందో లేదో చూస్తుంది. పట్టుకున్నది అసలు మనిషినేనా అన్నది వేరే ప్రశ్న. పైగా నేరం ఎంత ఘోరమైతే ఎవరో ఒకరిని త్వరగా పట్టుకోవాలన్న ఒత్తిడి అంత పెరుగుతుంది. అంటే పొరపాటుకు అవకాశం ఎక్కువున్న చోటే, దిద్దుకోలేని శిక్ష కూడా సిద్ధంగా ఉంటోంది.

ఇంజినీరింగ్‌లో మాకు ఒక అలవాటు చేశారు. సిస్టమ్ ఫెయిల్ అవుతుందనే అనుకుని, అయినప్పుడు ఏం జరుగుతుందో ముందే చూడాలి. అందుకే రైల్వే సిగ్నల్ వ్యవస్థలో లోపం వస్తే రైలు ఆగేలా డిజైన్ చేస్తారు. యావజ్జీవ శిక్షలో పొరపాటు జరిగితే పోయిన ఏళ్లు తిరిగిరావు, కానీ మనిషి బయటికి వస్తాడు. ఉరిలో ఆ దారి లేదు.

బాధితుల మాటేమిటని ఇంటర్వ్యూ బోర్డు తప్పకుండా అడుగుతుంది. అడగాల్సిన ప్రశ్నే. నాసిక్ కేసులో ఆ ఐదుగురికీ 16 ఏళ్ల తర్వాత కూడా న్యాయం దొరకలేదు. తప్పుడు మనిషికి శిక్ష పడిన రోజే అసలు నేరస్థుడి కోసం వెతకడం ఆగిపోతుంది. నిర్దోషిని కాపాడటం, బాధితుల పక్షాన నిలబడటం ఒకదానికొకటి అడ్డు కావు.

ఇంకో సంగతి. తప్పు చేసిన అధికారులను గుర్తించి చర్య తీసుకోవాలని ఆ తీర్పు మహారాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. మనం చదువుతున్నది ఆ కుర్చీల కోసమే. రేపు మీలో ఒకరు ఎస్పీ కావచ్చు, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌గా ఇన్‌క్వెస్ట్ చేయవచ్చు. సాక్షి వేరే పేరు చెప్పిన కాగితం మీ టేబుల్ మీదికి వస్తుంది. ఊరంతా అరెస్టుల కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ కాగితాన్ని ఫైల్లో పైన పెడతారా, అడుగున పెడతారా? ఎథిక్స్ పేపర్ జవాబు రాసే ముందు దీనికి జవాబు ఆలోచించుకోండి.